హిందీ గంట, ఆపా అరుగు

నా చిన్నప్పుడు హిందీ అంటే నాకు కడుపునొప్పి. మాటవరసకు అనడం లేదు, నిజంగానే నొప్పి వచ్చేది. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఆ క్లాసు. తిన్నదంతా కడుపులో రాయిలా అలాగే ఉండిపోయేది. వరండాలో సారు చెప్పుల చప్పుడు టపటపమని వినబడగానే అరచేతులకు చెమట పట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి చప్పుడు వింటే నా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. తల నెరిసింది గానీ ఆ భయానికి మాత్రం ఇంకా బుద్ధి రాలేదు.

కోరుట్లలో మాది ఇరుకు గల్లీ. నాన్న మస్కట్‌లో పనిచేసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. ఇంటికి పెద్ద మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. ఇంట్లో ఏం కొనాలన్నా, ఎవరు ఎక్కడికి పోవాలన్నా ఆయన మాటే చెల్లేది. మా గోడకు ఆనుకుని ఆపా ఇల్లు. ఆపా అంటే వాళ్ల భాషలో అక్క. ఆమె భర్త జట్కా తోలేవాడు. పొద్దున వంట పని కాగానే అమ్మా, ఆపా ఆ ఇంటి అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, చేటలు ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం దాకా బీడీలు చుట్టేవాళ్లు. వాళ్ల వేళ్లు ఎంత పని చేసేవో నోళ్లూ అంత పని చేసేవి.

గల్లీలో అందరితో ఆపా తెలుగే మాట్లాడేది. కూరగాయలమ్మితో ఆమె బేరం ఆడుతుంటే వినాలి, మేమెవరం పనికిరాము. నాతో మాత్రం ఎప్పుడూ వాళ్ల ఇంటి భాషే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఆ భాషను, అంటే మా వైపు ముస్లిములు మాట్లాడే ఉర్దూను, మా ఇళ్లలో తుర్కం అనేవాళ్లు. ఆ రోజుల్లో ఆ మాట ఎవరికీ తప్పుగా తోచేది కాదు. ఆపాకు ఒక చిన్న కూతురు ఉండేది. బడి లేనప్పుడల్లా ఆ చిట్టిది నా చంకలోనే. దానికి అన్నం తినిపించడం, ముక్కు తుడవడం, దానితో పోట్లాడడం, మళ్లీ బుజ్జగించడం, అన్నీ ఆ భాషలోనే. అది నేను నేర్చుకున్న భాష అని నాకెప్పుడూ అనిపించలేదు. దానికి పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఆకలి వేసినట్టు, నిద్ర వచ్చినట్టు అదీ వచ్చేసింది.

ఆరో తరగతిలో హిందీ మొదలైంది. మా హిందీ సారుది మా వైపు కాదు, ఎక్కడో దూరం నుంచి బదిలీ మీద వచ్చాడు. బీద ఇంట్లో పుట్టి, ఒక్కొక్క పరీక్షే కట్టి, కష్టపడి పంతులైన మనిషని చాలాకాలం తర్వాత తెలిసింది. అప్పుడు తెలిస్తే మాత్రం నేను జాలిపడేదాన్నా? మొదటి వారంలో ఒకరోజు ఆయన ఒక్కొక్కరినీ లేపి, నువ్వెక్కడ ఉంటావని హిందీలో అడిగాడు. అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. నాకు అర్థమైంది! పొంగిపోయి, కిటికీలోంచి మా గల్లీ వైపు చెయ్యి చూపిస్తూ, "ఇదరిచ్ రహతీ సారూ!" అన్నాను. ఇక్కడే ఉంటాను అని. ఆపా అయితే అట్లాగే అంటుంది మరి. క్లాసంతా గొల్లుమంది. సారు మొహం ఎర్రబడింది. చెయ్యి చాపమన్నాడు.

"అది బజారు మాట. ఇది హిందీ క్లాసు. అలాంటి మాటలు గేటు బయట వదిలేసి లోపలికి రా" అన్నాడు. బెత్తం చురుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దెబ్బకన్నా పిల్లల నవ్వే ఎక్కువ మండింది.

ఆ రోజుతో నాకు ఒక సంగతి ఖాయమైపోయింది. ఆపా భాష వేరు, హిందీ వేరు. ఒకదానికీ ఒకదానికీ పొత్తు కలవకూడదు, కలిస్తే చెయ్యి వాస్తుంది. ఇక చూసుకోండి, బడి గేటు దాటగానే నా నోట్లో ఉన్న ఆ భాషను అక్కడే మింగేసేదాన్ని. లోపల హిందీ అంటే నెత్తిన గీత గీసుకున్న అక్షరాలు. కుర్చీ ఆడదా మగదా, బల్ల ఆడదా మగదా అని సంబంధం చూస్తున్నట్టు తేల్చడం. సారు ఒక వాక్యం చదివితే మేమంతా రాగం తీసి అప్పజెప్పేవాళ్లం. అర్థం బోర్డు మీద తెలుగులో రాస్తే ఎక్కించుకుని, దాన్ని విడిగా బట్టీ పట్టేవాళ్లం. నోరు తిరిగేది గానీ బుర్రలోకి ఒక్క ముక్క దిగేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చి చిట్టిదాన్ని ఎత్తుకుని గడగడా వాగే పిల్ల, మధ్యాహ్నం ఆ క్లాసులో మూగదై కూర్చునేది. ఎంత విడ్డూరమో చూడండి. అది విడ్డూరమని నాకు గానీ, మా సారుకు గానీ, మా ఇంట్లోవాళ్లకు గానీ తోచలేదు.

అట్లా ఏడో తరగతికి వచ్చాను. ఏడో తరగతి చివర పెద్ద పరీక్ష ఉండేది. తప్పేలా ఉన్న పిల్లల్ని ఆ పరీక్షకు పంపకుండా ఆపేసేవాళ్లు, బడికి చెడ్డపేరు వస్తుందని. ఒక శనివారం హిందీ సారు నన్ను లేపి, ఇంట్లో పెద్దవాళ్లను పిలుచుకు రమ్మన్నాడు. పెద్దబాపు వచ్చాడు. హెడ్మాస్టరును మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన గదిలో నన్నొక మూల నిలబెట్టి, ముగ్గురు మగవాళ్లూ నా గురించి మాట్లాడుకున్నారు.

మిగతా సబ్జెక్టులన్నీ నయమే, హిందీ మాత్రం ఒక్క ముక్క రాదు, ఈ పిల్ల గట్టెక్కదు అన్నాడు సారు. పెద్దబాపుకు అది విచారంగా అనిపించినట్టు లేదు. పైగా ఒక చిక్కు విడిపోయినట్టు ఊపిరి వదిలాడు.

"సారూ, ఆడివిల్లకు గింత సదువు సాలు. మా చెల్లె సిరిసిల్లకెంచి అచ్చింది. వాళ్లకు సాంచెలున్నయ్. కండెలు సుట్టతానికి ఒక పిల్ల కావాలంటున్నది. సోమారం బస్సుకు దీన్ని తోలిస్త" అన్నాడు.

సాంచెలంటే మరమగ్గాలు, కండెలంటే వాటికి నూలు చుట్టి పెట్టే గొట్టాలు. మా మేనత్త వచ్చి అప్పటికి కొన్ని రోజులైంది. నన్ను చూసి ఎప్పుడూ లేనంత ముద్దుగా తల నిమురుతుంటే ఎందుకో అనుకున్నాను. ఎందుకో అప్పుడు తెలిసింది. ఆమె మంచిదే. కడుపునిండా పెడుతుంది, కొట్టదు, తిట్టదు. కానీ ఆమె ఇంటికి పోయిన మా చుట్టాల పిల్ల మళ్లీ బడి మొహం చూడలేదు. ఆ షెడ్డులో పగలంతా మగ్గాల మోత, పక్కన మనిషి అరిచినా వినబడదు. అమ్మ ఉండదు, ఆపా ఉండదు, చిట్టిది ఉండదు. ఏడవాలనుకున్నాను గానీ ఆ మగవాళ్ల ముందు ఏడుపు కూడా రాలేదు.

పెద్దసారు జగిత్యాల మనిషి. వయసు మళ్లినవాడు. ఆయన కాసేపు నన్నే చూసి, "జర ఆగవయ్యా. సోమవారం పొద్దుగాల నా ముందట ఒక పాఠం చదివిపిద్దాం. చదివి, అడిగినదానికి జవాబు చెప్తే పరీక్షకు పంపుదాం. లేకుంటె నీ ఇష్టం" అన్నాడు. పెద్దబాపు సరేనన్నాడు. ఒప్పుకోవడానికి ఆయనకేం నష్టం? బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు.

ఆ సాయంత్రం నుంచే మేనత్త నా బట్టలు సర్ది మూట కట్టడం మొదలుపెట్టింది. అమ్మ బీడీలకు తునికాకు కత్తిరిస్తూ ఆకు వెనక ఆకు పాడుచేసింది. మా ఇళ్లలో తమ్ముడి పెళ్లాం బావ ఎదుట నోరెత్తకూడదు. ఆయన గదిలోకి వస్తే అమ్మ కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. పదేళ్లకు పైగా ఒకే ఇంట్లో ఉండి ఆయనతో నేరుగా మాట్లాడిన పాపాన పోలేదు. అట్లాంటిది, నా కూతుర్ని పంపను అని ఎట్లా చెబుతుంది? నాన్నకు ఉత్తరం రాసినా అది మస్కట్ చేరి జవాబు వచ్చేసరికి నేను సిరిసిల్లలో ఎన్ని కండెలు చుట్టి ఉంటానో. ఆ రాత్రి అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని పడుకుంది. ఆమె గుండె దడదడా కొట్టుకోవడం నా వీపుకు తెలుస్తూనే ఉంది.

ఆదివారం తెల్లవారగానే పుస్తకం పట్టుకున్నాను. సారు చెప్పిన పాఠం ఒక ముసలమ్మ, ఆమె మేక గురించి. ఏక్ వృద్ధా థీ, ఉస్‌కే పాస్ ఏక్ బకరీ థీ అని మొదలవుతుంది. ఊగుతూ ఊగుతూ చదివాను. మొదటి పేజీ నోటికి వచ్చేసరికి రెండో పేజీ కలిసిపోయేది. రెండోది పట్టుకుంటే మొదటిది జారిపోయేది. బోర్డు మీద రాసుకున్న తెలుగు అర్థం ఏ వాక్యానిదో, ఏ వాక్యం ముందో ఏది వెనకో, అంతా పెంట పెంట. పుస్తకం గోడకేసి కొట్టాను. సరస్వతికి కోపం వస్తుందని మళ్లీ తీసి కళ్లకద్దుకుని ఏడ్చాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపా అరుగు మీదికి తీసుకుపోయింది. సంగతంతా చెప్పి, "చెల్లే, నువ్వే ఏమన్న చెయ్యాలె. నాకు దిక్కు తోస్తలేదు" అని కళ్లు తుడుచుకుంది. ఆపా ఏదో గొప్ప ఉపాయం చెబుతుందని ఆశగా చూశాను. ఆమె తల కూడా ఎత్తలేదు. బీడీ మడత పెడుతూ, తన భాషలో నాతో అన్నది ఇదీ. మా ఇద్దరి మాటలూ ఆ భాషలోవే, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"నాకు మీ సదువు ఏం తెలుస్తది బిడ్డా. ఇయ్యాల సాయంత్రంకల్ల కార్ఖానాకు బీడీలు అప్పజెప్పాలె. గీ పిల్ల పొద్దున్నుంచి నా పానం తింటున్నది. జర దీన్ని ఒళ్లె కూసోపెట్టుకో. నీ పుస్తకంల కథ ఏమన్న ఉంటె సదివి ఇనిపియ్యి."

నాకు ఒళ్లు మండిపోయింది. నా బతుకు బస్సెక్కబోతుంటే ఈమెకు తన పిల్లను ఆడించే మనిషి కావాల్సి వచ్చింది! నేను విసురుగా చిట్టిదాన్ని ఒళ్లో కుదేసుకుని, కసిగా, క్లాసులో తీసే రాగంతోనే, గబగబా చదవడం మొదలుపెట్టాను. ముసలమ్మ ఉంది, మేక ఉంది, ఇంట్లో గింజలు లేవు, మేకను అమ్ముదామని సంతకు పోయింది. నాకు మాత్రం అవి అక్షరాలే. ఒక అక్షరం మీంచి ఇంకో అక్షరం మీదికి దూకుతున్నాను, అంతే.

"ఫిర్?" అంది చిట్టిది. తర్వాత? అని.

నేను పట్టించుకోకుండా తర్వాతి వాక్యం చదివాను. అది నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. కళ్లు ఇంతింత చేసుకుని, "బకరీ రోయీ క్యా?" అని అడిగింది. మేక ఏడ్చిందా అని.

"నై రోయీ. చుప్ బైఠ్" అన్నాను. ఏడవలేదు, ఊరుకో అని.

అనేసి, నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాను. దీనికి నాలుగేళ్లు. బడి గేటు ఎట్లా ఉంటుందో తెలియదు. ఇంకా సగం మాటలు నోట్లోనే నానుతాయి. రెండేళ్ల నుంచి నేను దెబ్బలు తింటున్న పాఠం దీనికెట్లా అర్థమైంది? నేను చదివిన వాక్యం మీదికి మళ్లీ పోయాను. ఈసారి రాగం లేకుండా చదివాను. ఆపా అరుగు మీద కూర్చుని నాకేదో చెబుతున్నట్టు మనసులో అనుకుని చదివాను. ముసలమ్మ మేకను తీసుకుని బజారుకు వెళ్లింది. అబ్బ! అది తెలుగులో రాసుకున్న అర్థం కాదు, నేరుగా వచ్చి నాకు తగిలింది. ఆ ముసలమ్మ నడుస్తున్నట్టు కనబడింది. ఇంకో వాక్యం, ఇంకో వాక్యం. మేక పాలిస్తుందా అని ఒకడు అడుగుతాడు. పాలు తక్కువే బాబూ అంటుంది. మంచి మేకేనా అంటే, మంచిదే గానీ ఎదురింటి తీగెలన్నీ మేసేస్తుంది అంటుంది. ఉన్న గుణాలన్నీ ఉన్నట్టు చెబుతుంటే ఎవడు కొంటాడు? నాకు నవ్వొచ్చింది. హిందీ పుస్తకం చూసి నేను నవ్వడం అదే మొదలు.

కానీ మధ్య మధ్య కొన్ని మాటల దగ్గర చిట్టిది మొహం చిట్లించేది. ఆపా కూడా చేతిలో ఆకు ఆపి, "వృద్ధా అంటె ఏంది?" అని అడిగింది. ముసలమ్మ ఆపా, అన్నాను. మరొకచోట "ప్రసన్న" అని వస్తే అదీ ఆమెకు తెలియలేదు. సంతోషపడిందట అని నేనే చెప్పాను. ఆ మాటలు నాకు తెలుగు వాచకంలో వచ్చినవే. నాకు రానివి ఆమెకు వచ్చు, ఆమెకు రానివి నాకు వచ్చు. అట్లా ఇద్దరం కలిసి ఆ పాఠాన్ని కొస దాకా లాక్కుపోయాం.

అప్పుడు చూశాను ఆపా వైపు. తల దించుకునే ఉంది గానీ పెదాల చివర నవ్వు ఆగడం లేదు. నాకు అనుమానమొచ్చింది. పిల్ల పానం తినడమూ లేదు, ఏమీ లేదు. ఇది కావాలని చేసిన పనే.

"రెండూ ఒకటేనని ముందే ఎందుకు చెప్పలే?" అని గట్టిగా అడిగాను.

"చెప్తె నువ్వు ఇంటవా? మీ సారు కాదని బెత్తంతోటి చెప్పిండాయె. నేను వట్టి నోటితోటి చెప్తె నమ్ముతవా?" అంది ఆపా.

ఆ రోజంతా చిట్టిదానికి అదే కథ. అది అడగడం, నేను చెప్పడం. ముసలమ్మ మేకను అమ్మేసిందా, అమ్మలేదా అని దానికి ఎంత బెంగో. అమ్మలేదని చెబితే చప్పట్లు కొట్టి, మళ్లీ మొదటి నుంచి అనేది. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయింది.

సోమవారం పొద్దున పెద్దబాపు ముందు, నేను వెనక. అమ్మ రాలేదు, బావ ఉన్నచోట ఆమె నిలబడదు. ఆమె బదులు ఆపా నల్ల బురఖా వేసుకుని, చిట్టిదాన్ని వేలు పట్టుకుని నడిపించుకుంటూ మా వెనకే వచ్చింది. నువ్వెందుకు అన్నట్టు పెద్దబాపు ఒకసారి వెనక్కి చూశాడు గానీ ఏమనలేదు. మేం బయలుదేరేటప్పుడు మేనత్త సంచీ, దాని మీద నా బట్టల మూట గడప దగ్గర పెట్టి ఉన్నాయి.

పెద్దసారు గదిలో బల్ల మీద బెత్తం ఉంది. దాన్ని చూడకూడదనుకుంటూనే చూశాను. హిందీ సారు ఆపాను గుమ్మం బయటే ఉండమన్నాడు. నన్ను చదవమన్నాడు. చదివాను. ఎక్కడా తడబడలేదు. సారు కనుబొమలు పైకి లేచాయి. పెద్దసారు తల ఊపాడు. పోనీలే, గండం గడిచింది అనుకుంటున్నాను.

"ఇప్పుడు పుస్తకం మూసెయ్. కథంతా నీ సొంత మాటల్లో చెప్పు. హిందీలోనే" అన్నాడు సారు.

అంతే. సొంత మాటలంటే నాకు ఉన్నవి ఆపా మాటలే. అవి ఈ గేటు లోపల చెల్లవని, చెబితే ఏమవుతుందో నా అరచేతికి బాగా తెలుసు. పుస్తకం మాటలు ఒక్కటీ గుర్తు రావడం లేదు. కథ మొత్తం కళ్ల ముందు ఉంది, నోట్లోకి రాదు. సారు రెండోసారి అడిగాడు. పెద్దబాపు గొంతు సవరించుకుని, భుజం మీద తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. ఇక పోదాం అన్నట్టే అది. పోయింది, అంతా పోయింది, సిరిసిల్ల బస్సు, కండెలు, ఇక అంతే అనుకున్నాను.

గుమ్మం దగ్గర ఆపా చిట్టిదాని వేలు వదిలేసింది. వదిలేసిందో, అదే విడిపించుకుందో అప్పుడు నాకు తెలియదు. అది టుకుటుకుమని లోపలికి వచ్చి, ముగ్గురు పెద్దమనుషుల్నీ దాటుకుని, నా లంగా పట్టుకుని లాగింది. "బకరీ కీ కహానీ బోల్!" అంది. మేక కథ చెప్పమని. దానికి సారేంటి, బెత్తమేంటి? నేను పుస్తకం పట్టుకుని నిలబడ్డాను కాబట్టి కథ చెప్పాలి, అంతే.

గుమ్మంలోంచి ఆపా నెమ్మదిగా, "సారుకు చెప్పకు బిడ్డా. దానికి చెప్పు" అంది.

నేను నేల మీద గొంతుకూర్చున్నాను. చిట్టిదాని మొహం నా మొహానికి ఎదురుగా వచ్చింది. వేరే ఏదీ కనబడకుండా దాని కళ్లలోకే చూస్తూ మొదలుపెట్టాను. ఒక ముసలమ్మ ఉండేది. అరుగు మీద ఎట్లా చెప్పానో అట్లాగే చెప్పాను, ఆపా ఇంటి యాసతో, ఆ సాగదీతలతో, ఆ విరుపులతో. సారు "ఆగు, ఆగు, అది కాదు" అంటూ ముందుకొచ్చాడు. పెద్దసారు చెయ్యెత్తి ఆయన్ను ఆపడం నా కంటికొసన కనబడింది. నేను మాత్రం ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు. ముసలమ్మ సంతకు పోయింది, మేక గుణాలన్నీ చెప్పింది, ఎవరూ కొనలేదు, పొద్దు గూకింది. "బేచ్ దీ క్యా?" అని చిట్టిది భయంభయంగా అడిగింది. ఎన్నోసారో వింటున్నా ఆ భయం దానికి కొత్తదే. "నై బేచీ! బకరీ కూ ఘర్ లేకే ఆగయీ!" అన్నాను. అమ్మలేదు, ఇంటికి తోలుకొచ్చేసింది అని. అది చప్పట్లు కొట్టింది.

నాకు లేచి నిలబడే ధైర్యం లేదు. ముందుగా నోరు విప్పింది మా పెద్దబాపు.

"మరి ఇంట్ల గింజలే లేకపాయె. తెల్లారి ముసలమ్మ ఏం తిన్నది?" అన్నాడు. ఆయనకు నిజంగానే అది తేలాలి. అంతలోనే సారు వైపు తిరిగి, "ఇగో సారూ, గీ హిందీ హిందీ అంటె గిదేనా? మేము బజార్ల మాట్లాడే తుర్కమే గద ఇది. నాకు మొత్తం సమజైంది" అన్నాడు.

సారు ఇబ్బందిగా, యాస తప్పు, పుస్తకంలో ఉన్నట్టు లేదు, పరీక్షలో ఇట్లా రాస్తే కుదరదు అని చెప్పాడు. ఆయన అన్నది అబద్ధమేమీ కాదు. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నా సదువంత ఉర్దూలనే అయింది సారూ. మాట ఆమెకు వచ్చింది. పుస్తకం మాట మీరు నేర్పుండ్రి. అసలు మాటే లేని పిల్లలకన్న ఈమెకు నేర్పుడు అల్కగ ఉండదా?" అన్నాడు.

అప్పుడు హిందీ సారు చేసిన పని నేను మరిచిపోలేను. ఆయన నా దగ్గరికొచ్చి, కాస్త వంగి, నెమ్మదిగా ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, మీ ఇంట్లో మేక ఉందా అని హిందీలో అడిగాడు. పుస్తకంలో లేని ప్రశ్న. జవాబు ఆయనకు తెలియని ప్రశ్న. లేదు సారూ, ఆపా వాళ్లకు గుర్రం ఉంది, అది ఎవర్నీ దగ్గరికి రానివ్వదు అన్నాను, నాకు వచ్చిన పద్ధతిలోనే. ఆయన విన్నాడు. గుర్రం పేరేంటని మళ్లీ అడిగాడు. చెప్పాను. ఆయన మొహంలో ఏదో వెలుగు వచ్చింది. అన్నేళ్లు హిందీ చెప్పిన మనిషికి, హిందీలో అడిగిన మాటకు ఒక పిల్ల నిజంగా జవాబు చెప్పడం ఆ రోజే మొదలేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం, కొట్టలేదు, బతికిపోయాను అనుకున్నాను.

పెద్దబాపు వెనక్కి తిరిగి చూడకుండా ఇంటిదాకా ముందే నడిచాడు. నా ప్రాణం గుప్పిట్లో ఉంది. పెద్దసారు సరేనన్నాడు, కానీ ఇంటి పెద్ద పెద్దసారు కాదు కదా. గడప దగ్గర మేనత్త చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. అమ్మ తలుపు చాటున నిలబడి ఉంది, ఆమె చేతి గాజులు మాత్రమే కనబడుతున్నాయి. పెద్దబాపు సంచీ మీది నా మూట తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు పో చెల్లె. కండెలకు ఇంకెవ్వరన్న దొరుకుతరు. పోరి పరీక్ష రాయనీ" అన్నాడు. తలుపు వెనక నుంచి అమ్మ ఏడుపు పెద్దగా వినబడింది. బావ ఎదుట ఆమె గొంతు బయటికి రావడం నేను విన్నది అప్పుడే.

పరీక్ష పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు, గట్టెక్కాను. ఆ తర్వాత పదో తరగతి, నర్సు ట్రైనింగు, జగిత్యాలలో ఆసుపత్రి ఉద్యోగం. అన్నీ ఆ సోమవారం వెనకే నడిచొచ్చాయి. ఇప్పుడు మా మనవరాలు ఇంగ్లిష్ మీడియంలో చదువుతోంది. పేజీలకు పేజీలు రాస్తుంది, మంచినీళ్లు అడగమంటే సిగ్గుపడుతుంది. దాన్ని నేను పాఠం అడగను. నాకు వచ్చిన వంకర ఇంగ్లిష్‌లోనే, ఈరోజు నీతో ఎవరు పోట్లాడారు అని అడుగుతాను. నా ఇంగ్లిష్‌కు పగలబడి నవ్వుతుంది, నవ్వుతూ నవ్వుతూ పోట్లాట మొత్తం చెప్పేస్తుంది.

మొన్నామధ్య కోరుట్ల పోయినప్పుడు ఆపాను చూశాను. పండు ముసలిదైపోయింది, చూపు మందగించింది, నోరు మాత్రం తగ్గలేదు. పక్కన కూర్చుని, ఆపా, ఆ రోజు ఆ ఉపాయం నీకెట్లా తట్టింది అని అడిగాను. ఆమె తెలుగులోనే చెప్పింది.

"ఉపాయమేంది? నాది నాందేడ్. నేను లగ్గమై గీ గల్లీకి అచ్చినప్పుడు నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. అందరు పెద్దోళ్లు గడగడ మాట్లాడుతరు, నాకు తల తిరుగుడు. నువ్వు గోడ పట్టుకొని నడుస్తుంటివి. నువ్వు ఏ మాట అంటె గా మాట నేనన్న. నీతోనే నేర్సుకున్న బిడ్డా, తప్పులతోని సహా. నీళ్లను నువ్వు నీయీ అంటుంటివి. నేను బోరింగుకాడికి బిందె పట్టుకపోయి, అక్కా, నీయీ పొయ్యుండ్రి అన్న. మీ అమ్మ, గల్లీ ఆడోళ్లందరు పడిపడి నవ్విన్రు."

ఆమె నా చెయ్యి తడుముకుంటూ పట్టుకుంది.

"నవ్విన్రు గని, నా బిందె నింపిన్రు" అంది.

ఇప్పుడు మా ఇంటి పక్కన బీహారు వాళ్ల కుటుంబం అద్దెకు దిగింది. ఆ కోడలు వచ్చీరాని తెలుగులో గోడ అవతలి నుంచి రోజూ ఏదో ఒకటి అడుగుతుంది. నాకు హిందీ వచ్చని ఆమెకు ఇంకా చెప్పలేదు, చెబితే ఆ తెలుగు అక్కడే ఆగిపోతుంది. ఉప్పు అడగబోయి ఇంకేదో అడుగుతుంది, నాకూ నవ్వొస్తుంది, ఎందుకు రాదు? కానీ ముందు ఉప్పు ఇచ్చేస్తాను, ఆ తర్వాతే నవ్వుతాను.